పాత కాగితాలకు ఏ పెట్టె కొనాలి?

పాత దస్తావేజులు, ఉత్తరాలు, ఫొటోలు దాచడానికి పెట్టె కొనేటప్పుడు ముందు నీళ్ల గురించే ఆలోచించండి, ఎందుకంటే నిప్పంటుకున్నా ఆర్పడానికి కొట్టేది నీళ్లే కదా. యాసిడ్, లిగ్నిన్ (చెక్కలో ఉండే, కాగితాన్ని పాడుచేసే పదార్థం) లేని గట్టి అట్టపెట్టె మంచిది. మంటల్లో పైన మాడినా లోపలి కాగితాలను కాసేపు కాపాడుతుంది, కాకపోతే బాగా నానితే మెత్తబడి అడుగు ఊడిపోతుంది. పైపు లీకయ్యే భయముంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పెట్టె తీసుకోండి, నీళ్లు జారిపోతాయి, కానీ వేడికి కరుగుతుంది. పీవీసీ అస్సలు వద్దు. గాలి చొరబడని డబ్బా సేఫ్ అనుకుంటారు చాలామంది, లోపల చెమ్మ చిక్కుకుంటే అందులోనే బూజు పడుతుంది. మూత అంచులు కిందికి దిగి పక్కల్ని కప్పాలి. కుక్కి నింపకండి, తడిసిన కాగితం ఉబ్బి పెట్టెను చీలుస్తుంది. లేబుల్ పెన్సిల్‌తో రాయండి, ఇంకు అలుక్కుపోతుంది. ఎంత మంచి పెట్టెనైనా నేల మీద పెట్టొద్దు, కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచండి.