రిసీవర్ స్పీకర్లను కొలిచేటప్పుడు తప్పు చూపిస్తే: ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి

హోమ్ థియేటర్ రిసీవర్ తన స్పీకర్లను తానే కొలిచి సర్దుకునే పద్ధతికి డెనాన్, మరాంట్జ్ కంపెనీల్లో ఆడిస్సీ, యమహాలో వైపీఏఓ అని పేర్లు. పేరేదైనా పని ఒకటే. రిసీవర్ ఒక్కో స్పీకర్‌లోంచి పరీక్ష శబ్దం పంపి, దాన్ని మైకుతో వింటుంది. స్పీకర్ ఉందా, ఎంత దూరంలో ఉంది, ఎంత గట్టిగా మోగుతోంది, ప్లస్ మైనస్ సరిగ్గా పడ్డాయా అని లెక్క కడుతుంది. తప్పు చూపించినప్పుడు మళ్ళీ మళ్ళీ అదే బటన్ నొక్కితే లాభం లేదు. వచ్చిన సందేశాన్ని బట్టి వెతకాలి.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది గదిలో శబ్దం ఎక్కువగా ఉందనే హెచ్చరిక (యమహాలో ఈ-5). సీలింగ్ ఫ్యాను, ఏసీ ఆపేయండి, కిటికీలు మూయండి. ఫ్యాను చప్పుడు మన చెవికి పెద్దగా అనిపించకపోయినా, దాని గాలి నేరుగా మైకుకు తగిలితే లోతైన గుర్రుమనే శబ్దంగా నమోదవుతుంది. అందుకే ఈ తప్పు తరచూ సబ్‌ఊఫర్ (లోతైన బాస్ శబ్దాలకు వేరుగా ఉండే స్పీకర్) వంతు వచ్చినప్పుడే బయటపడుతుంది. గది నిశ్శబ్దంగానే ఉన్నా ఇదే సందేశం వస్తుంటే సబ్‌ఊఫర్ వాల్యూమ్ మరీ తక్కువగా ఉందేమో చూడండి. పరీక్ష శబ్దం గది శబ్దాన్ని దాటి వినిపించకపోయినా రిసీవర్ ఇలాగే చెబుతుంది.

మైకు రిసీవర్ పెట్టెలో వచ్చినదే అయి ఉండాలి. లెక్కంతా ఆ మైకు స్వభావాన్ని బట్టే కట్టి ఉంటుంది. కెమెరా ట్రైపాడ్‌కు బిగించి, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో, కొన పైకప్పు వైపు ఉండేలా నిలబెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, సోఫా వీపు మీద ఆనించవద్దు. మైకును పలుచోట్ల పెట్టి కొలిచినా దూరాలు, లెవెళ్లు (శబ్దం స్థాయులు) మొదటి స్థానం నుంచే లెక్కిస్తుంది కాబట్టి అది మీరు రోజూ కూర్చునే చోటే కావాలి.

స్పీకర్ ఉన్నా లేదని చూపిస్తే ముందు రిసీవర్ పవర్ తీసేసి టెర్మినళ్లు చూడండి. వైరు పైతొడుగు ప్లాస్టిక్ మీదే స్క్రూ బిగుసుకుని ఉండొచ్చు. 5.1లో (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) వెనక స్పీకర్లను సరౌండ్ బదులు సరౌండ్ బ్యాక్‌కు కలిపి ఉండొచ్చు. ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లిపోవచ్చు, అంటే పాడవకుండా తనంతట తాను ఆగిపోవచ్చు. అంతా బాగానే ఉందనిపిస్తే, అనుమానం ఉన్న వైరును బాగా పనిచేస్తున్న టెర్మినల్‌కు మార్చి చూడండి. తప్పు వైరుతో పాటు కదిలితే లోపం వైరులోనో స్పీకర్‌లోనో ఉంది. కదలకపోతే రిసీవర్‌లో ఉంది.

సబ్‌ఊఫర్ దొరకకపోవడానికి ఎక్కువగా దాని ఆటో స్టాండ్‌బై కారణం. కొలిచేసరికి అది నిద్రపోతుంది. ఆ స్విచ్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా మార్చండి, కేబుల్ సబ్ వెనక ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్న జాక్‌లోనే పెట్టండి, క్రాసోవర్ నాబ్‌ను (సబ్ ఏ ఫ్రీక్వెన్సీ వరకు మోగాలో నిర్ణయించేది) గరిష్ఠానికి తిప్పండి.

ఇక ఫేజ్ తప్పు (యమహాలో డబ్ల్యూ-1). ప్లస్ మైనస్ తారుమారైతే రెండు స్పీకర్ల బాస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది, మాట రెండు స్పీకర్ల నడుమ నుంచి వస్తున్నట్టు వినిపించదు. కాబట్టి రెండు చివర్లా రంగులు సరిచూడండి. గోడలోంచి పోయిన వైరు రంగు తెలియకపోతే దాన్ని రిసీవర్ నుంచి విప్పి, 1.5 వోల్టుల పెన్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ కోన్ బయటికి ఉబికితే బ్యాటరీ ప్లస్ తగిలిన తీగే ప్లస్. ఇలా రుజువయ్యాక కూడా హెచ్చరిక వస్తే దాటవేయండి. గోడకు దగ్గరగా ఉన్న స్పీకర్లకూ, రెండు వైపులా శబ్దం పంపే సరౌండ్లకూ, లోపల ఒక డ్రైవర్‌ను కంపెనీయే తిప్పి కలిపిన మోడళ్లకూ ఈ హెచ్చరిక ఊరికే వస్తుంది. సరిగ్గా ఉన్న వైరును రిసీవర్ మాట విని తిప్పడమే అసలు పొరపాటు.

సబ్‌ఊఫర్ దూరం విషయంలో మాత్రం రిసీవర్‌నే నమ్మండి. టేపుతో కొలిస్తే 3 మీటర్లున్నది 5 మీటర్లని చూపిస్తే చాలామంది దిద్దేస్తారు. అది దూరం కాదు, ఆలస్యం. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. సబ్ లోపలి ఫిల్టర్, ప్రాసెసింగ్ దాదాపు 6 మిల్లీసెకన్లు తినేస్తే 2 మీటర్లు అదనంగా కనిపిస్తాయి. దాన్ని 3కు తగ్గిస్తే బాస్ ఆలస్యంగా వస్తుంది, క్రాసోవర్ దగ్గర, అంటే శబ్దం స్పీకర్ల నుంచి సబ్‌కు మారే ఫ్రీక్వెన్సీ దగ్గర, గుంట పడుతుంది. మామూలు స్పీకర్‌కు దూరం మీటరు తేడా వస్తే అది వేరే సంగతి. మైకుకూ స్పీకర్‌కూ మధ్య కుర్చీ గానీ, మనిషి గానీ అడ్డం ఉన్నారేమో చూసి మళ్ళీ కొలవండి.

పూర్తయ్యాక సబ్ లెవెల్ చూడండి. డెనాన్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగిపోయిందంటే అంతకన్నా తగ్గించలేక ఆగింది. సబ్ వెనక నాబ్ తగ్గించి మళ్ళీ నడపండి. కొలిచే ముందు సబ్ లెవెల్ సరిచేయమని అడిగే మోడళ్లలో 72 నుంచి 78 డెసిబెల్స్ మధ్య పెట్టండి.

రిసీవర్ స్పీకర్లను లార్జ్ (బాస్ కూడా అవే మోగించాలి) అని పెడితే స్మాల్‌కు (బాస్ సబ్‌కు వెళ్లాలి) మార్చి, క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. ఆడిస్సీ తనంతట తాను 110 పెడితే దాన్ని 80కి దించకండి, ఎందుకంటే ఆ స్పీకర్‌కు 110 కింద సవరణ జరగలేదు. పెంచడానికి అభ్యంతరం లేదు.