నెల్లూరులోనే ఉండి ఫ్లోరల్ డిజైనర్‌గా స్థిరపడటం ఎలా?

పెళ్లి, ఓణీల ఫంక్షన్, సీమంతం, గృహప్రవేశం, షాపు ఓపెనింగ్. ఇప్పుడు నెల్లూరులో గానీ, కావలి, ఒంగోలులో గానీ పూల డెకరేషన్ లేకుండా ఏ శుభకార్యమూ జరగడం లేదు కాబట్టి ఈ పనికి గిరాకీ ఉందా అనే అనుమానం అక్కర్లేదు. చాలామంది మొదట అడిగేది కోర్సు ఎక్కడ చేయాలని. నన్నడిగితే అది తర్వాత చూసుకోవచ్చు. ఈ పనిలో నిలబడేది పువ్వు ఎన్ని గంటలు తాజాగా ఉంటుందో తెలిసినవాళ్లు, లెక్క రాసుకునేవాళ్లు.

ముందు ఒకరి దగ్గర పనిచేయండి

మీ ఊళ్లో బాగా చేసే డెకరేటర్ దగ్గర ఒక పెళ్లిళ్ల సీజనంతా చేరండి. రాత్రంతా మేలుకుని మండపం కట్టడం, తెల్లవారుజామున పూల పెట్టెలు దించుకోవడం, ముహూర్తం అయ్యాక అన్నీ విప్పేయడం, ఇదీ అసలు పని. ఇది మీకు పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

పువ్వును బతికించడం నేర్చుకోండి

రోహిణి కార్తె ఎండకు మన దగ్గర పొద్దున కట్టిన మండపం సాయంత్రానికి వాడిపోతుంది, అందుకే దీనికి ఎక్కువ టైం పెట్టండి. పూలు రాగానే కాడను చివర ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, శుభ్రమైన బకెట్‌లో కనీసం రెండు మూడు గంటలు నీళ్లు తాగనివ్వాలి. గులాబీకి లోతు నీళ్లు ఫర్వాలేదు గానీ జెర్బెరా కాడ తొందరగా కుళ్లుతుంది, దానికి నాలుగు వేళ్ల నీళ్లు చాలు. పండ్ల బుట్టల పక్కన పూలు పెట్టకండి, మాగే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పూలు త్వరగా ముదిరిపోతాయి.

గ్రీన్ ఫోమ్‌ను, అంటే నీళ్లు పీల్చుకునే, పూల కాడలు గుచ్చే ఆకుపచ్చ దిమ్మను, చేత్తో నొక్కి ముంచేవాళ్లను రోజూ చూస్తుంటాం. అలా చేస్తే పైన తడిసినట్టే కనిపిస్తుంది, లోపల గాలి నిలిచి పొడిగానే ఉండిపోతుంది, అక్కడ గుచ్చిన పువ్వు ముందుగా తలవాలుస్తుంది. నీళ్ల మీద ఊరికే వదిలేస్తే దానంతట అదే మునుగుతుంది. ఒకసారి గుచ్చిన కాడను కొంచెం పైకి లాగితే కింద ఖాళీ ఏర్పడి నీళ్లు అందవు, తీసి వేరే చోట గుచ్చాలి. ఆ ఫోమ్ ప్లాస్టిక్ లాంటిదే, మట్టిలో కలవదు. చిన్న అలంకరణలకు అరటి బోదె ముక్కల్లో గుచ్చి చూడండి, తేమ పట్టి ఉంచుతుంది, పైసా ఖర్చు ఉండదు.

పూలు ఎక్కడ కొనాలి

బంతి, చామంతి, మల్లె, కనకాంబరం లోకల్ మార్కెట్లో దొరుకుతాయి. ఎక్కువ సరుకు కావాలంటే చెన్నైలోని కోయంబేడు పూల మార్కెట్ మనకు దగ్గర. జెర్బెరా, కార్నేషన్, డచ్ గులాబీలకు హోసూరు, బెంగళూరు వైపు చూడాలి. గులాబీలు 20 పూల కట్టగా, జెర్బెరా 10 పూల కట్టగా వస్తాయి కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడు కట్టల్లో లెక్కేయండి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ధరలు ఒక్కసారిగా ఎగబాకుతాయి, ఆ వారం ఫంక్షన్‌కు మామూలు రేటు మాటిచ్చేస్తే నష్టమే.

లెక్క

ఉదాహరణకు ఒక మండపానికి పూలకు 12 వేలు, ఫోమ్, తీగ, గుడ్డలకు 3 వేలు, మనుషులకు 5 వేలు, బండికి 2 వేలు అనుకుందాం. మొత్తం 22 వేలు. పక్కవాళ్లు 25 వేలకు చేస్తున్నారని మీరూ అదే చెప్తే చేతికి వచ్చేది 3 వేలు, అందులోనే దెబ్బతిన్న పూలు, మీ రాత్రి నిద్ర. పూలలో పదో వంతు పాడవుతుందని ముందే కలుపుకోండి, మీ కూలీ కూడా ఖర్చులోనే రాయండి, ఆ పైనే లాభం.

ఖాళీ నెలలు, వాన నెలలు

ఆషాఢం, పుష్యం, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు. అప్పుడు బొకేలు, పుట్టినరోజులు, గుడి అలంకరణలు, ఆఫీసులు, హోటళ్లకు వారం వారం పూలు ఇవ్వడం లాంటివి చేతిలో పెట్టుకోవాలి. సంవత్సరం పొడుగునా ఇల్లు గడవాలంటే ఇవే ఆధారం. కార్తీకంలో ముహూర్తాలుంటాయి గానీ మనకు తుఫాన్లు కూడా అప్పుడే. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర హైవే దెబ్బతింది, అలా రోడ్డు ఆగితే పూలు దారిలోనే ఉండిపోతాయి. ఆ నెలల్లో సరుకు ఒక రోజు ముందే తెప్పించుకుని, లోకల్ పూలతో చేయగలిగే రెండో డిజైన్ ఒకటి ఫంక్షన్ వాళ్లకు ముందే చూపించి ఒప్పించుకోండి.

చేయి తిరిగాక కోర్సు చేయండి, అప్పుడు రంగుల పొందిక, బొకే కట్టే పద్ధతులు బాగా ఎక్కుతాయి. బెంగళూరు లాల్‌బాగ్‌లో జనవరిలో, ఆగస్టులో జరిగే ఫ్లవర్ షోకు తప్పకుండా వెళ్లండి. ఆ తర్వాత పెద్ద ఈవెంట్ కంపెనీల్లో చేరవచ్చు, సొంత షాపు పెట్టవచ్చు, పూలజడల మీదే పేరు తెచ్చుకోవచ్చు. పెట్టుబడికి ముద్ర పథకం శిశు విభాగంలో 50 వేల వరకు అప్పు అడగవచ్చు. ఇక డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడండి: తేదీ ఖాయం చేసేటప్పుడే సగం అడ్వాన్సు, పూలు ఆర్డర్ పెట్టే ముందు ఇంకొంత, మిగతాది మండపం అప్పగించిన పూటే. డిజైన్ ఫోటో, పూల రకాలు, రేటు మూడూ వాట్సాప్‌లో రాసి పంపి, ఫంక్షన్ వాళ్ల దగ్గర్నుంచి సరే అని వచ్చాకే కోయంబేడుకు ఫోన్ చేయండి.