షార్ట్‌వేవ్ వినాలంటే: రిసీవరు ఒకసారి, పట్టిక ఏటా రెండుసార్లు

దూరదేశాల రేడియో ప్రసారాలను మోసుకొచ్చే షార్ట్‌వేవ్‌ను కొత్తగా వినడం మొదలుపెట్టేవారు సాధారణంగా చేతిలో ఉన్న డబ్బంతా రిసీవరు మీదే పెట్టి, యాంటెనా తీగను గురించీ, ఏ స్టేషను ఎప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ మీద వస్తుందో చెప్పే ప్రసార పట్టికను గురించీ ఆలోచించరు. ఆ తరువాత ఎక్కడ తిప్పినా గరగర తప్ప ఏమీ వినబడటం లేదని సెట్టును తప్పుపడతారు. మంచి రిసీవరు ఇరవై ఏళ్లయినా పనిచేస్తుంది. పట్టిక మాత్రం ఆరు నెలలకే పాతబడుతుంది. ఈ తేడా మొదటే తెలిస్తే ఏది కొనాలో, ఏది ఉచితంగా తెచ్చుకోవాలో, ఏ పాత పుస్తకాన్ని దాచుకోవాలో నిర్ణయించుకోవడం తేలిక.

అంతర్జాతీయ ప్రసారాలు ఎక్కువగా 5900, 21850 కిలోహెర్ట్జ్‌ల మధ్య, 49, 31, 25, 19 మీటర్ల వంటి బ్యాండ్లలో గుంపులుగా ఉంటాయి. దాదాపు అన్ని స్టేషన్లూ 5 కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుకుని ఉంటాయి కనుక ఫ్రీక్వెన్సీని అంకెల్లో చూపే సెట్టునే తీసుకోవాలి. ముల్లు కదిలే డయలు చూడటానికి అందంగా ఉంటుంది గానీ, దానితో పట్టికలోని వరుసను పోల్చి చూడటం కుదరదు. పక్క స్టేషను మీద పడుతున్నప్పుడు వినే వెడల్పును ఇరుకు చేసుకోవడానికి కనీసం రెండు బ్యాండ్‌విడ్త్‌లు కావాలి. హామ్‌ల (ఔత్సాహిక రేడియో ఆపరేటర్ల) సంభాషణలూ, మహాసముద్రాల మీద ఎగిరే విమానాలతో భూకేంద్రాలు మాట్లాడే మాటలూ వినాలనుకుంటే ఎస్.ఎస్.బి. (సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో పంపిన మాటలను వినిపించే సదుపాయం) ఉండాలి, అది లేని సెట్టులో ఆ మాటలన్నీ బాతు అరుపుల్లా వినిపిస్తాయి.

అట్టపెట్టె మీద కనబడని సంగతి మరొకటి ఉంది. చవక సెట్లలో కొన్ని వచ్చిన తరంగాన్ని ఒకే మెట్టులో 455 కిలోహెర్ట్జ్‌కు దించుకుంటాయి. అలాంటి సెట్టులో బలమైన స్టేషను తన అసలు స్థానంలోనే కాక, దానికి 910 కిలోహెర్ట్జ్ కింద నీడలా మరోసారి వినిపిస్తుంది. అమెరికాలోని కొలరాడో నుంచి కాలసంకేతాలు పంపే డబ్ల్యు.డబ్ల్యు.వి. 15000 మీద బాగా వినబడుతున్నప్పుడు 14090కి తిప్పి చూడండి. అక్కడ కూడా అవే టిక్కుటిక్కులు వినిపిస్తే ఆ సెట్టు ఏ రకమో తెలిసిపోతుంది. రెండు మెట్లలో దించుకునే డబుల్ కన్వర్షన్ సెట్లలో ఈ బాధ చాలా తక్కువ.

సింక్రనస్ డిటెక్షన్ అనే సదుపాయానికి కాస్త ఎక్కువ డబ్బు పెట్టినా తప్పులేదని నా అభిప్రాయం. ఆకాశంలోని అయాన్ల పొర నుంచి తిరిగివచ్చే తరంగం ఒకటికి రెండు దారుల్లో మనను చేరుతుంది. ఆ రెండూ ఒకదానినొకటి దెబ్బతీసుకున్న క్షణాన మాటను మోసుకొచ్చే వాహక తరంగం సన్నబడి, గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్లు వికృతమవుతుంది. సింక్ ఉన్న సెట్టు ఆ వాహక తరంగం స్థానంలో తన సొంతదాన్ని నిలబెట్టుకుని మాటను కాపాడుతుంది. సోనీ ఐ.సి.ఎఫ్.-ఎస్.డబ్ల్యు.7600జి.ఆర్., టెక్‌సన్ పి.ఎల్.-660 ఈ సదుపాయం ఉన్నవే. వీటిలో సోనీ సెట్టు తయారీ ఆగిపోయింది కనుక అది వాడిన సరుకుగానే దొరుకుతుంది. 1980లు, 90లలో వచ్చిన కొన్ని పోర్టబుల్ సెట్లలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కారి, సర్క్యూట్ బోర్డునే తినేస్తుంటాయి. పాత సెట్టు కొనేముందు కనీసం అరగంట మోగించి, గొంతు సన్నబడుతోందేమో వినండి.

కంప్యూటరు ముందు కూర్చోవడం అలవాటైనవారికి ఎస్.డి.ఆర్. (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో) మరో దారి. టీవీ చూడటానికి తయారైన ఆర్.టి.ఎల్.2832యు చిప్పు డాంగిల్ మామూలుగా 24 మెగాహెర్ట్జ్ పైనే వింటుంది. షార్ట్‌వేవ్‌కు దిగాలంటే తరంగాన్ని పై ఫ్రీక్వెన్సీకి ఎత్తే అప్‌కన్వర్టరు గానీ, తరంగాన్ని నేరుగా చిప్పుకే ఇచ్చే డైరెక్ట్ శాంప్లింగ్ సదుపాయం గానీ ఉండాలి. ఏదీ కొనకుండానే రుచి చూడాలనుకుంటే నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టి ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచిన వెబ్ ఎస్.డి.ఆర్. చాలు. మీ ఊరి మీదుగా వచ్చిన తరంగం అందులో ఎటూ వినబడదు. డయలు తిప్పే అభ్యాసానికి మాత్రం అది చక్కని బడి.

ఇక తీగ. దానికంటే ముందు ఇంట్లోని రొద. ఒకసారి నేను రెండు సాయంత్రాలు 31 మీటర్ల బ్యాండు మీద ఎడతెగని జుమ్మనే మోతను విని, సెట్టు చెడిందనే నిర్ణయానికి వచ్చాను. చివరికి అది పక్క గదిలో బల్లదీపానికి తగిలించిన అడాప్టరు పని అని తేలింది. సెట్టును బ్యాటరీల మీద నడుపుతూ మెయిన్ స్విచ్చి ఒక నిమిషం ఆపి చూడండి. మోత ఆగితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఇక ఒక్కొక్క ప్లగ్గే పెడుతూ పట్టుకోవచ్చు. ఆ తరువాత ఏడెనిమిది మీటర్ల ఇన్సులేషన్ తీగను ఇంటి కరెంటు తీగలకు దూరంగా, కిటికీ బయటకు లాగి, రెండో కొసను క్లిప్పుతో సెట్టు గొట్టం యాంటెనాకు తగిలించండి. ఎంత పొడవైతే అంత మంచిదనుకోకూడదు. చిన్న సెట్టుకు ముప్పై మీటర్ల తీగ తగిలిస్తే బలమైన స్టేషన్లన్నీ ఒకదాని మీదొకటి పడి కలగాపులగమవుతాయి. ఉరుములు వినగానే తీగను తీసివేయడం మరువకూడదు.

వేళ విషయానికి వస్తే, పగలు 13 మెగాహెర్ట్జ్ పైన, చీకటి పడ్డాక 10కి దిగువన వెతకండి. పట్టికలన్నీ యు.టి.సి. (అంతర్జాతీయ ప్రామాణిక కాలం)లోనే ఉంటాయి కనుక ఒక గడియారాన్ని ఆ కాలానికే కేటాయించుకోవడం మేలు.

ఇప్పుడు ఆ పట్టికల కథ. 1947లో డెన్మార్క్‌లో మొదలైన వరల్డ్ రేడియో టీవీ హ్యాండ్‌బుక్ ఈ అభిరుచికి పంచాంగం వంటిది. 1984లో మొదలైన పాస్‌పోర్ట్ టు వరల్డ్ బ్యాండ్ రేడియో గంటల వారీగా కార్యక్రమాలను, రిసీవర్ల సమీక్షలను ఇచ్చి 2009 సంచికతో ముగిసింది. బ్రిటన్‌లో 1937 నుంచి వచ్చిన షార్ట్ వేవ్ మ్యాగజైన్ 2005లో, అమెరికాలోని మానిటరింగ్ టైమ్స్ 2013 డిసెంబరులో ఆగిపోయాయి. మరుసటి నెలలోనే ది స్పెక్ట్రమ్ మానిటర్ కాగితం లేని పత్రికగా, పి.డి.ఎఫ్. రూపంలో మొదలైంది. 2022 సంచికే చివరిదని హ్యాండ్‌బుక్ ప్రచురణకర్తలు ప్రకటించగా, జర్మనీకి చెందిన రేడియో డేటా సెంటర్ దానిని చేపట్టి 2023 సంచికను తెచ్చింది.

చదివేవారు తగ్గడం ఒక్కటే దీనికి కారణమనలేము. కెనడా, నెదర్లాండ్స్ దేశాల అంతర్జాతీయ సేవలు 2012లో, రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్‌ను వదిలేశాయి. మిగిలిన స్టేషన్లు ఏడాదికి రెండుసార్లు, మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో, ఫ్రీక్వెన్సీలు మార్చుకుంటాయి. డిసెంబరులో అచ్చయిన పుస్తకంలోని వేళలు మార్చి ముగిసేసరికే చాలావరకు మారిపోతాయి. ఈ వేగాన్ని అచ్చు అందుకోలేదు.

అందుకే ఈ రోజున చాలామంది వాడేది ఐబీ అనే ఉచిత పట్టిక. ప్రతి ప్రసార ఋతువుకూ, అంటే ఏడాదికి రెండుసార్లు, వచ్చే ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే ఫ్రీక్వెన్సీ, యు.టి.సి. వేళ, రోజులు, దేశం, స్టేషను, భాష, గురిపెట్టిన ప్రాంతం, ప్రసార స్థలం వరుసగా కనబడతాయి. ఏదో వినబడి అదేమిటో తెలియనప్పుడు ఫ్రీక్వెన్సీ క్రమంలోను, ఈ గంటలో ఏముందో చూడాలనుకున్నప్పుడు వేళ క్రమంలోను పేర్చుకోండి. ప్రసార స్థలం గడిని తప్పక చదవండి: దేశం గడిలో బ్రిటన్ అని ఉన్నా, బీబీసీ గొంతు అట్లాంటిక్ నడుమ ఉన్న అసెన్షన్ దీవి నుంచి బయలుదేరి ఉండవచ్చు, అప్పుడు మీ తీగకు చేరే దిక్కూ, బాగా వినబడే వేళా రెండూ మారతాయి.

పాత పుస్తకాలను పారేయకండి. వాటిలోని వేళలు చచ్చిపోయినా, వాడిన సెట్టు కొనేటప్పుడు నాటి సమీక్ష ఇప్పటికీ అంతే నిజం.

చివరగా, విన్నదాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి: తేదీ, యు.టి.సి. వేళ, ఫ్రీక్వెన్సీ, విన్న విషయం, సిన్పో. సిన్పో అంటే సంకేత బలం, పక్క స్టేషన్ల జోక్యం, రొద, హెచ్చుతగ్గులు, మొత్తం నాణ్యత, ఒక్కొక్క దానికి 1 నుంచి 5 వరకు వేసే మార్కులు. అన్నిటా 5 అత్యుత్తమం. విన్నది నిజమేనని స్టేషను ధ్రువీకరిస్తూ పంపే క్యూ.ఎస్.ఎల్. కార్డు కోసం స్టేషనుకు రాసేటప్పుడు ఈ పేజీయే ఆధారమవుతుంది. ఋతువు మారిన మొదటి వారంలో పట్టికల్లోనూ తప్పులుంటాయి. అప్పుడు సెట్టులో దాచుకున్న ఫ్రీక్వెన్సీలన్నీ ఒకసారి తిప్పి, వినబడనివాటిని పెన్సిలుతో కొట్టివేసి, పక్కన విన్నదే రాసుకోండి.