ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరడం లేదా? క్రాష్ సెన్సర్ వైరింగ్ లోపం - పరిష్కారం

ఇగ్నిషన్ వేయగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆ కాస్త సమయంలోనే, బ్యాగు తెరవాలా వద్దా అని నిర్ణయించే కంట్రోల్ యూనిట్ ఢీకొన్న కుదుపును పసిగట్టే తన క్రాష్ సెన్సర్లనూ, బ్యాగులనూ, వాటికి వెళ్లే వైర్లనూ పరీక్షించుకుంటుంది. దీపం ఆరకపోతే ఆ పరీక్షలో ఏదో ఒకటి తప్పిందని అర్థం. బండి మామూలుగానే నడుస్తుంది కనుక చాలామంది దీన్ని నెలల తరబడి పట్టించుకోరు. కానీ దీపం వెలుగుతున్నంత కాలం, ప్రమాద సమయంలో బ్యాగు తెరుచుకుంటుందనే భరోసా ఉండదు. దీపం అసలు వెలగకపోవడమూ లోపమే. అది చెడిపోయి ఉండవచ్చు, లేదా లోపాన్ని దాచడానికి ఎవరో దాన్ని తీసేసి ఉండవచ్చు.

ముందు జాగ్రత్త

ఈ పనిలో తొందరపాటు ప్రాణాంతకం. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, అది తిరిగి తగలకుండా పక్కకు కట్టి, సర్వీసు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. బ్యాటరీ తెగిపోయినా బ్యాగు తెరుచుకోవడానికి కావలసిన విద్యుత్తును కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్లు కొంతసేపు నిలవ ఉంచుకుంటాయి. ఈ వ్యవధి కొన్ని వాహనాలకు 90 సెకన్లయితే, మరికొన్నింటికి అనేక నిమిషాలు. మీ మోడల్‌కు ఎంతో చూసుకోకుండా ఒక్క కనెక్టరునూ తాకవద్దు. బ్యాగును పేల్చే ఇగ్నైటర్ మీద మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలవకూడదు, ఎందుకంటే మీటర్ పంపే స్వల్ప కరెంటు కూడా దాన్ని పేల్చవచ్చు. టెస్ట్ ల్యాంపును ఈ సర్క్యూట్ల దరిదాపులకు రానివ్వకూడదు.

లక్షణాన్ని బట్టి కారణం

మొదట స్కానర్‌తో కోడ్ (లోపం ఎక్కడుందో కంట్రోల్ యూనిట్ నమోదు చేసుకున్న గుర్తు) చదవాలి. చౌకరకం స్కానర్లలో చాలావరకు ఇంజిన్ కోడ్‌లను మాత్రమే చూపుతాయి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను చదవగలిగేది కావాలి. ఈ కోడ్‌లు సాధారణంగా బి అక్షరంతో మొదలవుతాయి. సీటు కింది పసుపు కనెక్టరు వదులైనా ఇదే దీపం వెలుగుతుంది కనుక, కోడ్ చూడకుండా ముందు బంపర్ విప్పడం వృథా శ్రమ. లోపం ఇప్పుడు ఉన్నదా, గతంలో వచ్చి పోయినదా అన్నదీ రాసుకోండి.

కోడ్ ముందువైపు సెన్సర్‌ను చూపిస్తే, దీపం ఎప్పుడు వెలిగిందో గుర్తు చేసుకోవడం సగం పని చేసిపెడుతుంది. వానలోనో, బండి కడిగిన తర్వాతో వెలిగితే కనెక్టరులోకి నీరు చేరినట్టే అనుకోవచ్చు. రేడియేటర్ చట్రం దగ్గర ఉండే ఈ సెన్సర్‌పై బురదా నీళ్లూ నేరుగా పడుతుంటాయి. రబ్బరు సీలు చిరిగిందంటే టెర్మినల్స్ మీద పచ్చని చిలుము పేరుకుంటుంది. గతుకుల మీద మాత్రమే వెలిగితే టెర్మినల్ వదులైనా ఉండాలి, ఇన్సులేషన్ లోపల రాగిపోగులు తెగి అయినా ఉండాలి. బంపర్ పనో హెడ్‌లైట్ పనో చేయించాక మొదలైతే కనెక్టరు లాక్ పూర్తిగా పడకపోవడం, వైరు బ్రాకెట్ కింద నలగడం సర్వసాధారణం. చాలారోజులు నిలిపి ఉంచిన బండిలో అయితే ముందు ఎలుకలు కొరికిన ఆనవాళ్లు వెతకాలి. పక్కవైపు సెన్సర్ కోడ్ వస్తే తలుపు మధ్య స్తంభం అడుగున, కార్పెట్ కింద తడి ఉందేమో చూడండి.

వైరును పరీక్షించే తీరు

నా అనుభవంలో మీటర్ కంటే కన్నే ముందుగా దొరకబుచ్చుకుంటుంది. కనెక్టరు విప్పి మంచి వెలుతురులో చూడండి: వెనక్కి జారిన టెర్మినల్, వంగిన పిన్ను, తడి, రంగు మారిన లోహం. తర్వాత వైర్లను కప్పి ఉంచే పసుపు గొట్టం వెంట చివరిదాకా వెళ్లి, ఇనుప అంచులకు రాసుకునే చోట్లను తడిమి చూడాలి.

మీటర్ వాడేముందు వైరును సెన్సర్ వైపూ, కంట్రోల్ యూనిట్ వైపూ రెండు చోట్లా విప్పాలి. అప్పుడు ఒక్కో వైరు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు సున్నా ఓమ్‌లు చూపాలి. రెండు వైర్ల మధ్య గానీ, వైరుకూ బాడీకీ మధ్య గానీ ఏ సంబంధమూ కనిపించకూడదు. మీటర్ పట్టి ఉంచి, మరొకరితో వైరును మెల్లగా కదిలిస్తే, గతుకుల మీద వచ్చే దాగుడుమూతల లోపం అంకెల్లో బయటపడుతుంది. కొన్ని కనెక్టర్లలో విప్పగానే రెండు టెర్మినల్స్‌ను కలిపేసే షార్టింగ్ క్లిప్ ఉంటుంది. అది చూపే సున్నాను షార్ట్ అని పొరబడవద్దు. మీటర్ సూదిని ఆడ టెర్మినల్‌లోకి గుచ్చితే అది వెడల్పై కొత్త లోపం పుడుతుంది, కాబట్టి సరిపడే టెస్ట్ పిన్ను వాడాలి.

సెన్సర్ మీదనే రెసిస్టెన్స్ కొలిచి తీర్పు చెప్పే పద్ధతి పాత యాంత్రిక సెన్సర్ల నాటిది. ఇప్పటి సెన్సర్లలో ఎలక్ట్రానిక్ చిప్ ఉండి, రెండు వైర్ల మీదనే కరెంటు తీసుకుంటూ సంకేతాన్నీ పంపుతుంది కనుక ఆ అంకెకు అర్థం లేదు.

మరమ్మతు

ముందుగా మీ మోడల్ తయారీదారు ఈ వైర్లను అతికేందుకు అనుమతిస్తారో లేదో చూడాలి. కొందరు హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చమంటారు. అప్పుడు దానికి కట్టుబడాలి. అనుమతి ఉన్నచోట కూడా అది సెన్సర్ వైర్లకే గానీ, ఇగ్నైటర్ నుంచి వచ్చే పొట్టి వైర్లకు వర్తిస్తుందని అనుకోకూడదు.

చిలుము ఇన్సులేషన్ లోపలికి కూడా పాకుతుంది కాబట్టి, మెరిసే రాగి కనిపించేదాకా వైరును కోసి, అదే మందం గల కొత్త ముక్కను మాన్యువల్ చెప్పిన క్రింప్ స్లీవ్‌లతో (నొక్కి బిగించే లోహపు గొట్టాలతో) జతచేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టంతో మూసేయాలి. రెండు వైర్ల అతుకులు ఒకే చోట పడకుండా ముందువెనుకలుగా ఉండాలి. జంట వైర్లు మొదట మెలివేసి ఉంటే అతికాక కూడా అలాగే మెలివేయాలి. బయటి విద్యుత్ అలజడి సంకేతాన్ని చెడగొట్టకుండా కాపాడేది ఆ మెలికే. తెగిన కొసలను ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టడం ఇక్కడ మరమ్మతు కాదు. ఢీకొన్న 15 నుంచి 30 మిల్లీసెకన్లలోపే బ్యాగు తెరవాలా వద్దా అని నిర్ణయం జరిగిపోతుంది, అంత తక్కువ సమయంలో వదులు అతుకుకు రెండో అవకాశం ఉండదు. దీపం ఆర్పడానికి సెన్సర్ బదులో, బ్యాగు బదులో రెసిస్టర్ తగిలించడం, ఆ బండిలో కూర్చునేవారి ప్రాణాలతో ఆడుకోవడమే.

సెన్సర్ తిరిగి బిగించేటప్పుడు బాణం గుర్తు మాన్యువల్ చూపిన దిశలో ఉండాలి, కింది లోహం తుప్పు లేకుండా చదునుగా ఉండాలి, బోల్టు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగియాలి. బాడీ గుండా వచ్చే కుదుపునే అది కొలుస్తుంది కాబట్టి వదులు సెన్సర్ తప్పుడు లెక్క చెబుతుంది.

అన్ని కనెక్టర్లూ లాక్ అయ్యాక, లోపల ఎవరూ లేకుండా చూసి బ్యాటరీ కలపాలి. బ్యాగుకు ఎదురుగా నిలబడకుండా ఇగ్నిషన్ వేసి, స్కానర్‌తో కోడ్ చెరిపి, దీపం వెలిగి ఆరడం చూడాలి. వైరు అన్ని పరీక్షల్లో నిలిచినా అదే కోడ్ మళ్లీ వస్తే, అప్పుడు సరిగ్గా అదే పార్ట్ నంబరు గల కొత్త సెన్సర్ వేయాలి. దానితోనూ పోకపోతేనే కంట్రోల్ యూనిట్‌ను అనుమానించాలి.