పత్తి దారి పట్టుకొని అమెరికా తొలి పారిశ్రామికీకరణను చదవడం ఎలా

సివిల్ సర్వీసుల పరీక్షకు ప్రపంచ చరిత్ర చదివేవారు అమెరికా పారిశ్రామికీకరణ దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా ఒక పట్టిక రాసుకుంటారు: 1793లో విట్నీ పత్తి యంత్రం, 1807లో ఫుల్టన్ ఆవిరి పడవ, 1831లో మెకార్మిక్ కోత యంత్రం, 1844లో మోర్స్ టెలిగ్రాఫ్. తేదీలు అడిగే ప్రశ్నలకు ఆ పట్టిక చాలు. అయితే ఈ ఆవిష్కరణలు కొత్తగా ఏర్పడిన దేశాన్ని ఎలా మార్చాయని అడిగినప్పుడు అది అక్కరకు రాదు. ఏ యంత్రం ఏ నేల మీద, ఎవరి చేతుల్లో, ఏ చట్టం అండతో పనిచేసిందో అందులో ఉండదు. కాబట్టి ఆవిష్కర్తల పేర్లను కాసేపు పక్కన పెట్టి, పత్తి అనే ఒక్క సరుకును పొలం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి మార్కెట్టుకు వెంబడించమని నా సూచన.

మొదట 1790 నాటి పరిస్థితిని అర పేజీలో రాసుకోండి. ఆ ఏడాది జరిగిన తొలి జనగణన ప్రకారం దేశ జనాభా సుమారు 39 లక్షలు; అందులో దాదాపు 7 లక్షల మంది బానిసత్వంలో ఉన్నారు. అత్యధికులు పల్లెల్లో ఉండి వ్యవసాయంపై బతికేవారు. పేటెంట్లు ఇచ్చే అధికారాన్ని రాజ్యాంగం అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌కు అప్పగించగా, 1790 ఏప్రిల్‌లోనే తొలి పేటెంట్ చట్టం వచ్చింది. 1791 డిసెంబరులో ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ సుంకాలతో, ప్రోత్సాహకాలతో పరిశ్రమలను పెంచాలని కాంగ్రెస్‌కు నివేదిక సమర్పించాడు. సొంత భూమి దున్నుకునే రైతులే గణతంత్రానికి ఆధారమని థామస్ జెఫర్సన్ నమ్మాడు. తరువాతి సుంకాల వివాదాలను అర్థం చేసుకోవడానికి ఈ భేదం గుర్తుంటే చాలు.

తరువాత అట్లాసు తెరవండి. ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో బ్లాక్‌స్టోన్, చార్లెస్, మెరిమాక్ నదులను గుర్తించి, వాటి మీద పాటకెట్, వాల్తం, లోవెల్ పట్టణాలకు చుక్కలు పెట్టండి. పారిశ్రామికీకరణ అనగానే ఆవిరి యంత్రాన్ని ఊహించుకునే అలవాటు ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. అమెరికాలో తొలి మిల్లులు నడిచింది జలచక్రాలతోనే. అందువల్ల అవి పెద్ద రేవు పట్టణాల్లో కాకుండా నదులు ఎత్తు నుంచి దూకే చోట్ల వెలిశాయి. యంత్ర పరిజ్ఞానం దేశం దాటకుండా బ్రిటన్ చట్టాలు చేసినా, డెర్బీషైర్ మిల్లులో పని నేర్చిన శామ్యూల్ స్లేటర్ 1789లో ఆ పరిజ్ఞానాన్ని తలలో పెట్టుకొని ఓడెక్కాడు. మోజెస్ బ్రౌన్ అనే వర్తకుడి పెట్టుబడితో 1790 డిసెంబరులో పాటకెట్‌లో నూలు వడికే యంత్రాలను నడిపించాడు. అక్కడి తొలి కార్మికులు పిల్లలు. ఈ వాక్యాన్ని మీ నోట్సులో వదిలిపెట్టకండి.

ఇప్పుడు దక్షిణానికి దిగండి. ఎక్కువ సమయం ఇవ్వవలసిన భాగం ఇదే. పొడుగు పింజ పత్తి సముద్ర తీరపు నేలల్లోనే పండేది. లోపలి నేలల్లో పండే పొట్టి పింజ పత్తికి గింజ గట్టిగా అంటుకొని ఉండడంతో, ఒక మనిషి రోజంతా కూర్చొని ఒలిస్తే దాదాపు ఒక పౌండు దూది వచ్చేది. పొందూరు ఖద్దరు కోసం వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసేవారిని చూసినవారికి ఆ పనికి ఎంత ఓపిక కావాలో వేరే చెప్పనక్కర లేదు. 1793లో జార్జియాలోని ఒక తోటలో ఎలై విట్నీ తయారు చేసిన చిన్న యంత్రం రోజుకు 50 పౌండ్ల వరకు శుభ్రం చేయగలిగింది. 1794 మార్చిలో దానికి పేటెంట్ వచ్చింది. కానీ నిర్మాణం ఎంత సులువంటే ఊరూరా నకళ్లు పుట్టాయి, విట్నీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

యంత్రం శ్రమను తగ్గించిందని ఇక్కడితో ఆగితే సగం సత్యమే చెప్పినట్టు. గింజ తీసే శ్రమ తగ్గింది. దానితో పొట్టి పింజ పత్తి లాభసాటిగా మారి, దున్నడానికి, ఏరడానికి మనుషుల అవసరం విపరీతంగా పెరిగింది. ఆ మనుషులను బానిసత్వం నుంచే తెచ్చారు. 1790లో 7 లక్షలుగా ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి సుమారు 39.5 లక్షలకు చేరింది. విదేశాల నుంచి బానిసల దిగుమతిని 1808 నుంచి నిషేధించినా, వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల నుంచి దాదాపు 10 లక్షల మందిని అలబామా, మిసిసిపీ, లూసియానా వంటి పత్తి రాష్ట్రాలకు తరలించారు, కుటుంబాలను విడదీసి అమ్మారు. ఆ భూముల్లో చాలా భాగం క్రీక్, చాక్టా, చికాసా, చెరోకీ అనే ఆదివాసీ జాతులది. 1830 నాటి తరలింపు చట్టంతో వారిని మిసిసిపీ నదికి పడమరగా వెళ్లగొట్టారు. దేశం మారిందని రాసేటప్పుడు ఆ మార్పు కొందరి జీవితాలను కూల్చివేసిందని కూడా అదే పేరాలో రాయడం చరిత్ర విద్యార్థి బాధ్యత అని నేను భావిస్తాను.

దూది మళ్లీ ఉత్తరానికి ప్రయాణిస్తుంది. 1807లో అమెరికా ప్రభుత్వమే విధించిన విదేశీ వాణిజ్య నిషేధం, ఆపై 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధం విదేశీ బట్టను అడ్డుకోవడంతో బోస్టన్ వర్తకుల పెట్టుబడి ఓడల నుంచి మిల్లుల వైపు మళ్లింది. బ్రిటన్ మిల్లులను తిరిగి చూసి వచ్చిన ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్, యంత్ర నిపుణుడు పాల్ మూడీ సాయంతో మరమగ్గాన్ని తయారు చేయించి, వాల్తంలో దూది లోపలికి వెళితే బట్ట బయటికి వచ్చేలా అన్ని పనులనూ ఒకే కప్పు కిందికి తెచ్చాడు. 1816లో చవక నూలు బట్టల దిగుమతిపై రక్షణ సుంకం వచ్చింది. లోవెల్ 1817లో మరణించాక, ఆయన పేరుతోనే మెరిమాక్ తీరాన కొత్త మిల్లుల పట్టణం వెలిసింది.

లోవెల్ పట్టణానికి నోట్సులో ఒక పూర్తి పేజీ కేటాయించండి. రైతు కుటుంబాల నుంచి వచ్చిన యువతులు కంపెనీ వసతి గృహాల్లో ఉంటూ, రోజుకు 12 గంటలకు పైగా పనిచేసేవారు. సొంత సంపాదన వారికి కొత్త స్వేచ్ఛనిచ్చింది; మిల్లు గంట ఆ స్వేచ్ఛకు హద్దు గీసింది. 1834లో కూలి కోతకు, 1836లో వసతి రుసుము పెంపునకు వ్యతిరేకంగా వారు సమ్మె చేశారు. 1840ల్లో సారా బాగ్లీ నాయకత్వంలో పది గంటల పనిదినం కోసం మసాచుసెట్స్ శాసనసభకు అర్జీలు పెట్టారు. న్యూ ఇంగ్లండ్ మిల్లుల్లో కొన్ని నేసిన ముతక బట్ట దక్షిణాది తోటలకు, ఆ పత్తి ఏరిన బానిసల ఒంటి మీదికే వెళ్లేది. స్వేచ్ఛగల ఉత్తరం, బానిస దక్షిణం అని రెండు గడులు గీసుకొని చదివేవారికి ఈ లంకె కనబడదు.

రవాణాకు ఒక్క ఉదాహరణను లోతుగా తీసుకోండి: ఈరీ కాలువ. 1817లో మొదలై 1825లో పూర్తయిన ఈ 363 మైళ్ల కాలువ, 83 లాకులతో, హడ్సన్ నది తీరాన ఉన్న ఆల్బనీని ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలోతో కలిపింది. దీన్ని తవ్వించింది న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం, గవర్నర్ డెవిట్ క్లింటన్ పట్టుదలతో. బఫెలో నుంచి న్యూయార్క్‌కు టన్ను సరుకు రవాణా ఖర్చు దాదాపు 100 డాలర్ల నుంచి 10 డాలర్ల లోపునకు పడిపోయింది. పడమటి గోధుమ చవకగా తూర్పుకు చేరడంతో, రాళ్ల నేలలో సేద్యం చేసే న్యూ ఇంగ్లండ్ రైతులకు పోటీ పెరిగింది. ఆవిరి పడవలు, 1830 నుంచి రైళ్లు, టెలిగ్రాఫ్ ఇదే వరుసలో వస్తాయి కాబట్టి వాటికి ఒక్కొక్క వాక్యం సరిపోతుంది.

విట్నీ తుపాకుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒకదాని భాగాలు మరొకదానికి సరిపోయే తుపాకులను ఆయనే తొలిసారి చేశాడని చాలా నోట్సుల్లో కనిపిస్తుంది. 1798లో పది వేల తుపాకులకు ఒప్పందం కుదుర్చుకొని, రెండేళ్లలో ఇవ్వవలసినవాటిని పదేళ్లకు పైగా తీసుకొని పూర్తి చేశాడు. వాటి భాగాలు నిజంగా అలా మారవని తరువాతి పరిశీలనలు తేల్చాయి. ఆ లక్ష్యాన్ని 1820ల్లో హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధశాలలో జాన్ హాల్ సాధించాడు.

జవాబు రాసేటప్పుడు 1790 పరిస్థితితో మొదలుపెట్టి, ప్రతి ఆవిష్కరణ పక్కన స్థలం, పెట్టుబడి, శ్రమ ఎవరివో చెప్పండి. ఈ మూడూ చెప్పలేని ఆవిష్కరణ పేరును కొట్టివేయండి. 1860 దగ్గర ఆగండి. బ్రిటన్ మిల్లులకు చేరే పత్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు అప్పటికి అమెరికాదే. 1861లో అంతర్యుద్ధం మొదలై ఆ సరఫరా తెగిపోయినప్పుడు మన దేశంలో పత్తి ధర ఎందుకు అంతగా పెరిగిందో దీనితో వివరించవచ్చు. ఎడిసన్ దీపం, కార్నెగీ ఉక్కు తరువాతి దశకు చెందినవి; వాటికి వేరే కాగితం తీయండి.