విజ్ఞాన సర్వస్వాన్ని చదవడం – మూడవ పాఠం: పేరు ఒకటే, వ్యాసాలు వేరు

వెతుకుపెట్టెను వాడే పద్ధతిని గత పాఠంలో తెలుసుకున్నాం. వెతికిన పేరుతో ఒకటికి మించి వ్యాసాలు కనిపించినప్పుడు మనకు కావలసినది ఏదో తేల్చుకోవడం ఈ పాఠం విషయం. ఉదాహరణలన్నీ మన ఓరుగల్లు చుట్టుపక్కల నుంచే తీసుకుంటున్నాను.

తెలుగు వికీపీడియాలో ఇందుకు రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి అయోమయ నివృత్తి పేజీ. ఇది వ్యాసం కాదు. ఒకే పేరు గల వ్యాసాల లింకులను, ఒక్కో దానికి చిన్న వివరణతో, ఒక చోట చేర్చిన పేజీ. రెండవది వ్యాసానికి పైన, మొదటి పేరా కంటే ముందు, ఇతర వ్యాసాలకు దారి చూపే ఒక వాక్యం. చాలామంది ఈ వాక్యాన్ని చదవకుండానే కిందికి జరిగిపోతారు. దయచేసి ఆ అలవాటు మానుకోండి.

ప్రతాపరుద్రుడి సంగతి చూడండి. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి శాసనం వేయించిన రుద్రదేవుణ్ణి మొదటి ప్రతాపరుద్రుడని కూడా అంటారు. రుద్రమదేవి మనుమడు, 1323లో ఢిల్లీ సుల్తాను సేనల చేతిలో ఓడిన చివరి కాకతీయ రాజు రెండవ ప్రతాపరుద్రుడు. వీరుగాక ఒడిశాను ఏలిన గజపతి ప్రతాపరుద్రుడు మరొకడున్నాడు. కాబట్టి వ్యాసం తెరిచిన వెంటనే వంశం, కాలం, బంధుత్వం అనే మూడింటిని మొదటి పేరాలోనే వెతకాలి. శ్రీకృష్ణదేవరాయలతో యుద్ధం ప్రస్తావన కనిపించిందంటే మీరు చదువుతున్నది ఓరుగల్లు రాజు గురించి కాదు.

జిల్లాల విషయంలో చిక్కు ఇంతకంటే లోతైనది, ఎందుకంటే ఇక్కడ పేరు అలాగే ఉండి, అది సూచించే ప్రాంతం మారిపోయింది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విభజించి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను ఏర్పాటు చేశారు. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాగా, రూరల్ జిల్లా వరంగల్ జిల్లాగా మారాయి. అప్పుడు కొన్ని మండలాలు కూడా అటు ఇటు అయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో వరంగల్ జిల్లా జనాభా 35 లక్షల పైచిలుకు అన్న మాట నిజమే గాని, అది ఉమ్మడి జిల్లా లెక్క. నేటి వరంగల్ జిల్లా వాటా అందులో నాలుగో వంతుకు కూడా రాదు. పోటీ పరీక్షలకు చదివేవారికి ఈ తేడా తెలియకపోతే సరైన అంకెనే తప్పు ప్రశ్నకు జవాబుగా రాసే ప్రమాదం ఉంది. జిల్లా వ్యాసంలో ఏ అంకె కనిపించినా అది ఏ సంవత్సరపు హద్దులకు చెందినదో తేలేదాకా దాన్ని రాసుకోవద్దు.

ఊర్ల వ్యాసాల్లో పేరు పక్కన కుండలీకరణాల్లో సాధారణంగా మండలం పేరో జిల్లా పేరో ఉంటుంది. అది మంచి ఆధారమే, కాని దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. కాకతీయుల నాటి కోటగుళ్ళు ఉన్న గణపురాన్ని, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వేరుగా గుర్తించడానికి, ఘన్‌పూర్ (ములుగు) అని రాసేవారు. 2019లో ములుగు వేరే జిల్లా అయింది. గణపురం మాత్రం భూపాలపల్లి జిల్లాలోనే ఉండిపోయింది. కుండలీకరణాల్లోని మాటను ఇప్పటి జిల్లా అనుకుంటే కోటగుళ్ళ కోసం ములుగు జిల్లాలో వెతకవలసి వస్తుంది.

రామప్ప గుడి, రామప్ప చెరువు వంటి జంటలతో ఇంత శ్రమ లేదు, మొదటి వాక్యం చదివితే చాలు.

అభ్యాసం: పాలకుర్తి అనే పేరుతో జనగామ జిల్లాలో ఒక మండలం, పెద్దపల్లి జిల్లాలో మరొక మండలం ఉన్నాయి. గుట్ట మీద సోమేశ్వరాలయం ఉన్న పాలకుర్తి వీటిలో ఏదో కనుక్కోండి. శీర్షికను బట్టి కాకుండా, వ్యాసంలోని ఏ వాక్యం ఆధారంగా తేల్చుకున్నారో ఆ వాక్యాన్ని మీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. నాలుగవ పాఠంలో దారిమార్పు పేజీలను పరిశీలించేటప్పుడు దానితో పని పడుతుంది.