పెరటి కుంటలో వదిలిన చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

పెరటి కుంటలో నీటిని శుభ్రం చేసేవి నీటి మొక్కలు, అడుగు బురద, అందులోని సూక్ష్మజీవులు. అవి కుదురుకోవడానికి కనీసం నెల, నెలన్నర పడుతుంది. చేపల కోసం తొందరపడేవారికి నేను ముందుగా చెప్పేది ఇదే: నీరు సిద్ధమయ్యాకే చేపలు.

వదిలిన రోజో, మర్నాడో చేపపిల్లలు చనిపోతున్నాయి

చేపపిల్లలను తెచ్చిన సంచిలోని నీటికీ కుంట నీటికీ ఉన్న తేడాను అవి తట్టుకోలేకపోయి ఉండవచ్చు. ఎండ తగ్గాక, సంచి మూతి విప్పకుండా ఇరవై నిమిషాలు నీటిపై తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి, కుంట నీటిని కొద్దికొద్దిగా కలిపి, సంచిని పక్కకు వంచండి. పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ వెళ్లాలి.

మున్సిపల్ కుళాయి నీరు పట్టి ఉంటే క్లోరిన్‌ను అనుమానించాలి. ఆ నీటిని రెండు రోజులు ఆరుబయట నిల్వ ఉంచాకే వాడండి. కొత్త సిమెంటు తొట్టి అయితే గోడల నుంచి సున్నం దిగి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) 9 దాటిపోతుంది. నీరు నింపి వారం ఉంచి పారబోయడం మూడు నాలుగు సార్లు చేయండి. పీహెచ్ 7 నుంచి 8.5 మధ్య నిలబడ్డాకే చేపలను వదలాలి.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

ఏ వేళలో వస్తున్నాయో చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది.

తెల్లవారుజామున పెదవులు నీటిపైకి పెట్టి గుటకలు వేస్తూ, చప్పుడు చేస్తే మునిగి, మళ్లీ వెంటనే తేలి, ఎండ ఎక్కాక మామూలుగా తిరుగుతుంటే అది ఆక్సిజన్ కొరత. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు, మొక్కలే రాత్రి దాన్ని వాడుకుంటాయి. 30 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజనే కరుగుతుంది. అది 3కు పడిపోతే చేపలు ఇబ్బంది పడతాయి. మబ్బు పట్టిన రోజుల తర్వాత ఈ ముప్పు ఎక్కువ. వెంటనే కొంత నీటిని తోడి ఎత్తు నుంచి ధారగా పోయండి. ఆ పూట మేత ఆపండి. నీటి ఉపరితలంలో సగానికి మించి పరుచుకున్న మొక్కలను తీసేయండి. చేపలు ఎక్కువైతే తగ్గించక తప్పదు.

మిట్టమధ్యాహ్నం కూడా పైనే ఉంటే అమోనియాను అనుమానించండి. మిగిలిన మేత, కుళ్లిన ఆకులు దీన్ని పెంచుతాయి. సాయంత్రానికి పీహెచ్ పెరిగేకొద్దీ దాని విషం ముదురుతుంది. నాలుగో వంతు నీరు మార్చి, అడుగు చెత్త తీయండి. పది నిమిషాల్లో తినలేనంత మేత వేయవద్దు.

చచ్చిన చేపలు లేవు, సంఖ్య మాత్రం తగ్గుతోంది

కొంగ, లకుముకి పిట్ట, నీటి పాము తినేస్తుండవచ్చు. చిన్న చేపపిల్లలైతే తూనీగ లార్వాలు కూడా. ఒక పక్క లోతు నాలుగడుగులు ఉంచి, దాక్కోవడానికి కలువ ఆకులు పెంచండి.

నీరు ముదురు ఆకుపచ్చగా మారింది

ఎరువు, మేత తగ్గించండి, నీడ పెంచండి. మందులు వేస్తే నాచు ఒకేసారి చచ్చి కుళ్లి, ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది.

చిన్న కుంటలో బొచ్చె వద్దు. అది కిలోల బరువు పెరిగే చేప. దోమల పిల్లలను తినడానికి గప్పీ అనే చిన్న చేప చాలు. కానీ అది మన నీళ్లలో పుట్టింది కాదు, కాబట్టి వానకు కుంట పొర్లే చోట సన్నని వల కట్టి కాలువలోకి పోకుండా చూడండి.